సాల్వెంట్ డ్రమ్ముల దగ్గర పనిచేసే కొత్త హెల్పర్లకి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి

"అన్నా, కెమికల్ హ్యాండ్లింగ్ ట్రైనింగ్ పీపీటీ ఉంటే పంపవా, ఎల్లుండి ఆడిట్ ఉంది." నెలకి నలుగురైనా ఇదే అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది చిన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలో కెమిస్టులు, షిఫ్ట్ ఇన్‌చార్జిలు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడలోనో ప్రొడక్షన్ పని చూసుకుంటుంటే 'సేఫ్టీ కూడా నువ్వే చూసుకో' అని మేనేజర్ నెత్తిన పెట్టినవాళ్ళు. నా దగ్గర పీపీటీ ఉంది, 64 స్లైడ్లు. పంపను. దాంతో ఎంత పని జరుగుతుందో నాకు బాగా తెలుసు.

కొన్నేళ్ళ కింద ఆ 64 స్లైడ్లూ గంటన్నర సేపు చూపించి 42 మంది చేత రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకున్నాను. మర్నాడు పొద్దున బ్లాక్‌లోకి వెళితే, ముందురోజు మొదటి వరసలో కూర్చుని అన్నిటికీ తలూపిన కుర్రాడు చేతికంటిన రంగు వదలడం లేదని టోలీన్ అనే సాల్వెంట్‌తో (వేరే పదార్థాలని కరిగించే ద్రవం) చేతులు కడుక్కుంటున్నాడు. తిట్టబోయి ఆగాను. నా స్లైడ్‌లో ఏమని రాశాను? 'చర్మ స్పర్శను నివారించండి' అని. అతనిది కోరాపుట్ వైపు పల్లె, తెలుగు అంతంతమాత్రం, టోలీన్‌తో చేతులు కడగడం కూడా 'చర్మ స్పర్శ'లోకే వస్తుందని అతనికి ఎవరు చెప్పారు?

అప్పటినుంచి చేస్తున్న పద్ధతి ఇది. సాల్వెంట్లు, యాసిడ్లు, కాస్టిక్, పౌడర్లు వాడే యూనిట్లకి సరిపోతుంది. క్లోరిన్ టన్నర్లు (పెద్ద సిలిండర్లు), సయనైడ్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, సోడియం మెటల్ లాంటివి మీ దగ్గర ఉంటే ఇది చాలదు, వాటికి విడిగా తెలిసినవాళ్ళని పిలిపించండి, మొహమాటపడకండి.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- మీ బ్లాక్‌లోకి వచ్చే మెటీరియల్స్ లిస్టు. స్టోర్స్ నుంచి గత మూడు నెలల ఇష్యూ లిస్టు తీసుకోండి. ప్రాసెస్ షీట్‌లో ఉన్నదానికీ స్టోర్స్ ఇచ్చినదానికీ తేడా కచ్చితంగా ఉంటుంది.
- వాటి సేఫ్టీ డేటా షీట్లు, ఎవరి దగ్గర కొంటున్నారో వాళ్ళవే. గూగుల్‌లో దొరికినవి వద్దు.
- బాగా కడిగిన ఇనప డ్రమ్ము ఒకటి, అందులో మంచినీళ్ళు. ప్రాక్టీసంతా దీనిమీదే.
- డ్రమ్ము ట్రాలీ, ఇత్తడి బిరడా స్పానర్, హ్యాండ్ పంపు, ఎర్తింగ్ క్లిప్పు, మల్టీమీటర్.
- బ్లాక్‌లో నిజంగా ఇచ్చే గ్లౌజులు, గాగుల్స్, మాస్కులు. ఆఫీసు అద్దాల బీరువాలో ఆడిట్ కోసం దాచినవి కాదు.
- ఒక బకెట్ నీళ్ళలో గుప్పెడు పసుపో, నీలిమందో. ఎందుకో తర్వాత చెప్తాను.
- స్పిల్ కిట్. లేకపోతే పొడి ఇసుక బకెట్లు రెండు, పార, మూత ఉన్న ఖాళీ డ్రమ్ము.
- హిందీ, ఒడియా వచ్చిన పాత వర్కర్ ఒకరు. ఇది అన్నిటికంటే ముఖ్యం. గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో కానిచ్చేద్దాం అనుకోకండి, 'బంగ్' (డ్రమ్ము బిరడా) అంటే ఆ పాత వర్కర్‌కి తెలుసు, ఫోన్‌కి తెలియదు.

టైమ్: ఒక బ్యాచ్‌కి ఎనిమిది మంది మించకూడదు, మూడు రోజులు, రోజుకి రెండు గంటలు. నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళని కూర్చోబెట్టి చెప్పడం శుద్ధ దండగ, వాళ్ళు కళ్ళు తెరిచి నిద్రపోతారు. ప్రొడక్షన్ మేనేజర్ ఆరు గంటలు ఇవ్వనంటే 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు చూపించండి. పనిచేసేవాళ్ళకి సమాచారం, శిక్షణ, పరికరాలు, విరుగుడు మందులతో సహా ఇవ్వాల్సిన బాధ్యత ఫ్యాక్టరీదే అని అందులో ఉంది. అప్పటికీ ఇవ్వకపోతే రోజుకి గంట చొప్పున ఆరు రోజులు అడగండి, దానికి సాధారణంగా ఒప్పుకుంటారు.

1. ముందు మీరు ఒక షిఫ్ట్ ఊరికే నిలబడి చూడండి

కెమికల్ పేర్లు పట్టుకుని ట్రైనింగ్ మొదలుపెట్టకండి, పనులు పట్టుకుని మొదలుపెట్టండి. హెల్పర్ దృష్టిలో అతను 'టోలీన్ హ్యాండిల్' చేయడు. డ్రమ్ము దించుతాడు, బిరడా తీస్తాడు, పంపు పెడతాడు, రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) మ్యాన్‌హోల్‌లో పౌడర్ వేస్తాడు, సెంట్రిఫ్యూజ్ నుంచి కేక్ (వడకట్టగా మిగిలిన తడి ముద్ద) తీస్తాడు, శాంపిల్ పట్టుకెళ్తాడు, కింద చిందితే తుడుస్తాడు, ఖాళీ డ్రమ్ములు బయట పేరుస్తాడు. ఇవి ఎనిమిది. మీ దగ్గర పది ఉండొచ్చు.

షిఫ్ట్ అంతా చూస్తే మీరు ఊహించనివి కనిపిస్తాయి. నేను చూసినవి కొన్ని: యాసిడ్‌ని నోటితో పీల్చి పైపులోకి లాగడం, కూల్‌డ్రింక్ సీసాలో కాస్టిక్ పట్టి పైన ఏమీ రాయకుండా కిటికీలో పెట్టడం, డ్రమ్ములోంచి సాల్వెంట్ తొందరగా రావాలని కంప్రెస్డ్ ఎయిర్ పెట్టడం. ఆఖరిది చేయించింది హెల్పర్ కాదు, షిఫ్ట్ కెమిస్టే. అందుకే మొదటి బ్యాచ్‌లో కెమిస్టులని కూర్చోబెట్టండి. వాళ్ళకి రాకుండా హెల్పర్లకి నేర్పితే, మర్నాడు కెమిస్ట్ 'అదంతా తర్వాత, ముందు ఛార్జింగ్ (రియాక్టర్‌లో సరుకు వేయడం) కానీ' అంటాడు, మీ మూడు రోజులూ అక్కడితో సరి.

2. ఒక్కో మెటీరియల్‌కి ఒక్క పేజీ కార్డు

సేఫ్టీ డేటా షీట్‌లో 16 విభాగాలుంటాయి. వర్కర్‌కి అన్నీ అక్కర్లేదు. మీరు 2, 4, 6, 7, 8, 10 చదవండి: ప్రమాదం ఏంటి, ప్రథమ చికిత్స, చిందితే ఏం చేయాలి, ఎలా వాడాలి, ఎలా నిలవ ఉంచాలి, ఏం తొడుక్కోవాలి, దేనితో కలవకూడదు. చదివి ఒక పేజీ రాయండి, పెద్ద అక్షరాలతో, మాట్లాడే భాషలో. కంట్లో పడితే? ఒంటిమీద పడితే? పీలిస్తే? చిందితే? దేని పక్కన పెట్టకూడదు? అంతే.

టోలీన్ కార్డులో నేను రాసేది ఇది: 'దీని ఆవిరి 4 డిగ్రీల దగ్గరే అంటుకునేంత వస్తుంది. అంటే మన ఊళ్ళో చలికాలం తెల్లవారుజామున కూడా అంటుకుంటుంది. ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకి కాలవలోకి, గుంటలోకి, కింది అంతస్తులోకి వెళ్తుంది. నువ్వు ఇక్కడ డ్రమ్ము తెరిస్తే మంట అక్కడ అంటుకోవచ్చు.' ఇది నమ్మశక్యంగా లేదని ఎవరైనా అంటే 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో జరిగింది చెప్పండి. కారిన సాల్వెంట్ ఆవిరి బిల్డింగ్ లోపల పరుచుకుని పేలింది, 17 మంది పోయారు. అనకాపల్లి, విశాఖ వైపు వాళ్ళకి ఆ రోజు మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళే మీకు చెప్తారు.

సల్ఫ్యూరిక్ యాసిడ్ కార్డులో ఒకే లైను లావుగా: నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. హైపో (సోడియం హైపోక్లోరైట్, బ్లీచింగ్ ద్రావణం) కార్డులో: యాసిడ్ ఉన్న చోటికి ఇది రాకూడదు, కలిస్తే క్లోరిన్ వస్తుంది. ట్యాంకర్ అన్‌లోడింగ్ చేసేచోట దీన్ని రెండుసార్లు చెప్పండి. హైపో ట్యాంకర్ గొట్టాన్ని యాసిడ్ ట్యాంక్‌కి తగిలించడం చాలా దేశాల్లో, చాలాసార్లు జరిగిన పొరపాటు. రెండు కనెక్షన్లూ పక్కపక్కనే ఒకేలా ఉంటే, ముందు ట్రైనింగ్ కాదు, కనెక్షన్ సైజులు మార్పించండి.

కార్డు రాశాక మీరే పాస్ చేసుకోకండి. చదువు తక్కువున్న ఒక పాత వర్కర్‌కి ఇచ్చి 'ఇందులో ఏముంది, నీ మాటల్లో చెప్పు' అనండి. తడబడిన చోట మళ్ళీ రాయండి. నా మొదటి కార్డు మూడుసార్లు వెనక్కొచ్చింది.

3. లేబుల్ చదివించండి

ఎర్ర అంచు డైమండ్ గుర్తులు మొత్తం తొమ్మిది. తొమ్మిదీ బట్టీ పట్టించకండి, మీ స్టోర్స్‌లో నిజంగా ఉన్న నాలుగైదు చాలు. డ్రమ్ముల యార్డులోకి తీసుకెళ్ళి 'మంట గుర్తు ఉన్నవి చూపించు', 'చెయ్యి కాలిపోతున్న బొమ్మ ఉన్నవి చూపించు' అని అడగండి. గదిలో బొమ్మలు చూపించడంకంటే ఇది పది రెట్లు మేలు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, కెమిస్టులు కూడా పడిపోతారు. ట్యాంకుల మీద నీలం, ఎరుపు, పసుపు, తెలుపు గడులతో ఉండే డైమండ్ వేరే. అందులో 0 నుంచి 4 దాకా, 4 అంటే అన్నిటికంటే ప్రమాదం. డేటా షీట్‌లో 'కేటగిరీ 1' అని ఉంటే అక్కడ 1 అంటేనే అన్నిటికంటే ప్రమాదం. రెండూ తిరగేసి ఉంటాయి. 'కేటగిరీ 1యే కదా, తక్కువే' అన్న మాట నేను చెవులారా విన్నాను.

లేబుల్ లేని డ్రమ్ము, సీసా, మగ్గు ఏది కనబడినా ముట్టుకోవద్దు, వాసన చూడొద్దు, కెమిస్ట్‌ని పిలవాలి. మినహాయింపుల్లేవు.

4. గ్లౌజులు, మాస్కు: తొడగడం కంటే విప్పడం నేర్పండి

ఇక్కడ పసుపు నీళ్ళు బయటికి తీయండి. గ్లౌజులు తొడిగించి రెండు చేతులూ పసుపు నీళ్ళలో ముంచమనండి, డ్రమ్ము ప్రాక్టీసు ఐదు నిమిషాలు చేయించండి, తర్వాత విప్పమనండి. మణికట్టు, చొక్కా, మొహం మీద ఎక్కడెక్కడ పసుపు అంటిందో వాళ్ళనే చూసుకోమనండి. మొదటిసారి ఎనిమిదిలో ఏడుగురికి అంటుతుంది, నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లోనే చెప్పండి, ఇది పసుపు కాక డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంట్) అయితే చర్మంలోంచే లోపలికి పోతుందని. బయటివైపు మణికట్టు దగ్గర పట్టుకుని తిరగేసి లాగడం, రెండోది లోపలి వైపు నుంచి వేలు పెట్టి లాగడం. మరక అంటకుండా వచ్చేదాకా చేయించండి, సాధారణంగా నాలుగోసారికి వస్తుంది.

ఏ గ్లౌజు దేనికి? అన్నిటికీ ఒకటే నీలం నైట్రైల్ ఇచ్చేసే అలవాటు మనకి ఉంది. ఆ పల్చటి గ్లౌజులోంచి ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్ అనే సాల్వెంట్) నిమిషాల్లో లోపలికి వచ్చేస్తుంది, ఎసిటోన్‌కీ అది పనికిరాదు. ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ కింద కెమిస్ట్ చేత ఒక ముక్కని ఎండీసీలో వేయించి చూపించండి, ఉబ్బిపోవడం కళ్ళకి కనబడుతుంది. ఎసిటోన్, డీఎంఎఫ్ లాంటివాటికి బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు వస్తాయి, ఖరీదెక్కువ. మేనేజ్‌మెంట్ కొనదంటే, అసలు చెయ్యి తగలకుండా పంపుతో, మూసిన లైన్‌తో పని జరిగేలా చూడండి. అది ఎలాగూ గ్లౌజు కంటే నయం.

మాస్కుల్లో తప్పులు ఎక్కువ. కరోనా తర్వాత ఎన్95 మీద అందరికీ భక్తి పెరిగింది. అది దుమ్ముని ఆపుతుంది, సాల్వెంట్ ఆవిరిని ఆపదు. ఆవిరికి కార్ట్‌రిడ్జ్ మాస్క్ కావాలి. కార్ట్‌రిడ్జ్ రంగు చూసి నేర్పకండి: యూరప్ పద్ధతిలో ఆర్గానిక్ ఆవిరికి గోధుమరంగు, అమెరికా పద్ధతిలో నలుపు, మన స్టోర్స్‌లో రెండూ కలిసి ఉంటాయి. మీద ఏం రాసి ఉందో, ఎక్స్‌పైరీ ఎప్పుడో చూడాలి.

మాస్క్ సరిగ్గా కూర్చుందో లేదో చూడటం ఇలా: తొడుక్కున్నాక గాలి లోపలికి వచ్చే చోట రెండు అరచేతులతో మూసి మెల్లగా పీల్చాలి. మాస్క్ మొహానికి అతుక్కుని పది సెకన్లు అలాగే ఉండాలి. ఎక్కడినుంచైనా గాలి వస్తే పట్టీలు సర్ది మళ్ళీ చూడాలి. గడ్డం ఉంటే కూర్చోదు, ఎంత బిగించినా. దీక్షలో ఉన్నవాళ్ళతో గొడవ పెట్టుకోవద్దు, ఆ నలభై రోజులు మాస్క్ అవసరమైన పనికి వేరేవాళ్ళని వేయండి.

ఇంకొకటి, కార్ట్‌రిడ్జ్ మాస్క్ ఆక్సిజన్‌ని తయారుచేయదు. నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లోకి దాన్ని తొడుక్కుని తలపెడితే మనిషి పడిపోతాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కంటే తగ్గితే అక్కడ ఉండకూడదు. నైట్రోజన్‌కి వాసనా లేదు, రంగూ లేదు, దగ్గు కూడా రాదు.

5. నీళ్ళ డ్రమ్ముతో అసలు పని

మీరు ఒకసారి చేసి చూపించండి, మాట్లాడకుండా. రెండోసారి మాట్లాడుతూ చేయండి. మూడోసారి వర్కర్ చేస్తాడు, తను చేసేది తనే చెప్తూ.

క్రమం ఇది. లేబుల్ చదవాలి. డ్రమ్ము ఉబ్బిందేమో చూడాలి, ఎండాకాలం యార్డులో ఉన్నవి ఉబ్బుతాయి, అలాంటిదాన్ని కదపకుండా కెమిస్ట్‌ని పిలవాలి. ఎర్తింగ్ క్లిప్పు తగిలించాలి. చిన్న బిరడా ఇత్తడి స్పానర్‌తో పావు తిప్పు వదులు చేసి, 'స్‌స్' మని గాలి పోవడం ఆగాకే మొత్తం తీయాలి. మొహం పక్కకి. సుత్తి, ఉలి వాడకూడదు. తర్వాత పెద్ద బిరడా, పంపు. పైనుంచి ధార పడేలా పోయకూడదు, గొట్టం చివర కింది డ్రమ్ము అడుగుదాకా దిగాలి, మొదట్లో మెల్లగా తోడాలి. ధారగా పడితే స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు) పుడుతుంది, దాని నిప్పురవ్వ చాలు ఆవిరి అంటుకోడానికి.

ఎర్తింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే అందరూ క్లిప్పు పెడతారు, ఎక్కడ పెట్టారో ఎవరూ చూడరు. పెయింట్ మీద పెడితే పెట్టనట్టే. క్లిప్పు పళ్ళు ఇనుములోకి దిగాలి. మల్టీమీటర్‌తో డ్రమ్ముకీ ఎర్త్ పట్టీకీ మధ్య చూడండి, 10 ఓమ్‌లకి లోపల ఉండాలి. పెయింట్ మీద పెట్టినప్పుడు ఎంత చూపిస్తుందో, గీకి పెట్టినప్పుడు ఎంతో వర్కర్‌కే చూపించండి. అంకెలు రాకపోయినా మీటర్ 'బీప్' మనడం అర్థమవుతుంది. ఈ మీటర్ పరీక్ష నీళ్ళ డ్రమ్ము మీద, సాల్వెంట్ ఏరియాకి దూరంగా చేయండి, మామూలు మల్టీమీటర్ అక్కడికి తీసుకెళ్ళకూడదు. ప్లాస్టిక్ కార్బాయ్‌కి (పెద్ద క్యాన్) క్లిప్పు పెట్టి ఉపయోగం లేదు, మంటలంటుకునే సాల్వెంట్ అందులో పట్టకపోవడమే మందు.

మ్యాన్‌హోల్‌లో పౌడర్ వేయడం వేరే రోజు పెట్టుకోండి. రియాక్టర్‌లో సాల్వెంట్ ఉండగా ప్లాస్టిక్ లైనర్ (పౌడర్ ఉండే లోపలి సంచి) విదిలిస్తే వచ్చే స్టాటిక్ చాలు, మంట మొహం మీదికి లేస్తుంది. లైనర్ విదిలించొద్దు, చివర్న దులపొద్దు, లోపలి గాలిని తోసేయడానికి నైట్రోజన్ పెట్టారని కెమిస్ట్ నోటితో చెప్పేదాకా మూత తీయొద్దు. ప్రాసెస్ ఒప్పుకుంటే పౌడర్ ముందు వేసి సాల్వెంట్ తర్వాత పంపేలా మార్చమని మీరు ఆర్ అండ్ డీ వాళ్ళని అడగండి. హెల్పర్‌కి ఎంత నేర్పినా ఆ ఒక్క మార్పుకి సాటిరాదు.

ఖాళీ డ్రమ్ము అంటే నిజంగా ఖాళీ కాదు. లోపల ఆవిరి ఉంటుంది, నిండు డ్రమ్ముకంటే అదే తేలిగ్గా పేలుతుంది. కోయడం, వెల్డింగ్ పెట్టడం నిషేధం. ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళకి వాడుకోవడం కూడా. ఈ మాట గట్టిగా చెప్పాలి, మన బస్తీల్లో నీలం డ్రమ్ముల్లో సగం ఎక్కడినుంచి వస్తున్నాయో అందరికీ తెలిసిందే. సెక్యూరిటీ వాళ్ళకి కూడా చెప్పండి, గేటు దాటించేది వాళ్ళే.

6. కళ్ళు మూసుకుని ఐ వాష్ దాకా

కంట్లో పడ్డవాడికి కళ్ళు కనబడవు. కాబట్టి ప్రాక్టీసు కూడా అలాగే. కళ్ళకి గుడ్డ కట్టి, పక్కన ఒక మనిషిని తోడుంచి, తను పనిచేసే చోటునుంచి ఐ వాష్ (కళ్ళు కడుక్కునే కొళాయి) దాకా నడిపించండి. పది సెకన్లలో చేరాలి. చేరలేకపోతే తప్పు వర్కర్‌ది కాదు, దారిలో డ్రమ్ములు పేర్చారనో, ఐ వాష్ దూరంగా ఉందనో అర్థం. నేను చేయించిన మొదటిసారి మధ్యలో ప్యాలెట్ ట్రక్ తగిలి పడబోయాడు, ఆ సాయంత్రమే దారికి పసుపు గీత గీయించాం.

చేరాక 15 నిమిషాలు కడగాలి, రెప్పలు వేళ్ళతో తెరిచిపట్టుకుని. 15 నిమిషాలు ఎంతసేపో ఎవరికీ తెలియదు, గడియారం పెట్టి ఒక్కసారైనా పూర్తిగా చేయించండి. వారానికోసారి తిప్పి చూడకపోతే మొదట తుప్పు నీళ్ళొస్తాయి. మన ఎండల్లో ఇంకో సమస్య, మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న పైపులోని నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి, షవర్ కింద నిలబడ్డవాడు పారిపోతాడు. పైపుకి ఇన్సులేషన్ చుట్టించండి, ట్యాంకుకి నీడ వేయించండి. ఐ వాష్ అసలే లేని చోట, మెల్లగా వచ్చే నీళ్ళ గొట్టం ఒకటి దీనికోసమే కట్టి ఉంచండి, అది వచ్చేదాకా.

ఒంటిమీద పడితే ముందు బట్టలు తీసేయాలి, సిగ్గుపడకూడదు. షవర్ దగ్గర ఒక కర్టెన్, రెండు లుంగీలు పెట్టండి, సంకోచం తగ్గుతుంది. యాసిడ్ పడ్డచోట సోడా రాయడం, పేస్టు రాయడం, పసుపు అద్దడం వద్దు, నీళ్ళే. మింగితే వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్ళు తాగించకూడదు. 108కి ఫోన్ చేసినప్పుడు కెమికల్ పేరు చెప్పాలి, మనిషితో పాటు కార్డు, డేటా షీట్ కూడా ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే ప్రతి కార్డుకీ జిరాక్సులు గేటు దగ్గర ఉంచండి.

చిందినప్పుడు: లీటరో రెండో అయితే, ఏం చిందిందో తెలిస్తే, మాస్క్, గ్లౌజులు ఉంటే, ఇసుక వేసి ఎత్తొచ్చు. డ్రమ్ము పడిపోయిందంటే వదిలేసి బయటికి రావాలి, అరవాలి. స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు. రంపపు పొట్టు వాడొద్దు, నైట్రిక్ యాసిడ్ మీద వేస్తే అంటుకుంటుంది. కాలవలోకి కడిగేయడం కూడా వద్దు.

బయటికి వచ్చేటప్పుడు విండ్ సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) చూడాలి, గాలికి అడ్డంగా పక్కకి జరిగి, గాలి వచ్చే వైపుకి వెళ్ళాలి. సైరన్ బటన్ ఎక్కడుందో, దాన్ని నొక్కడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదని చెప్పండి, చెప్పడమే కాదు ఒక్కొక్కరి చేత నొక్కించండి. 2020 మే 7న విశాఖ ఆర్ ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు సైరన్లు ఉండి కూడా మోగలేదు, ప్రభుత్వం వేసిన కమిటీ కూడా అదే రాసింది.

7. హెల్పర్ చేయకూడని పనులు, విడిగా

రియాక్టర్‌లోకి, ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీళ్ళు శుద్ధి చేసే చోటు) గుంటలోకి, ట్యాంకులోకి దిగడం. పర్మిట్ లేకుండా, గ్యాస్ మీటర్ పెట్టకుండా ఎవరు చెప్పినా దిగొద్దు. ఈటీపీ గుంటల్లో కుళ్ళిన గుడ్ల వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది, 'పోయిందిలే' అని దిగుతారు. లోపల ఒకడు పడిపోతే ఇంకొకడు కాపాడబోయి దిగుతాడు, తర్వాత మూడోవాడు. లోపల పడింది సొంత తమ్ముడైనా దిగొద్దు, అరవాలి, గాలి సెట్ (వీపున గాలి సిలిండర్, మాస్క్) ఉన్నవాళ్ళు దిగుతారు. ఈ మాట చెప్పేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు, ఆ నిశ్శబ్దాన్ని తొందరగా చెడగొట్టకండి.

'చేయను' అనే మాట కూడా ప్రాక్టీసు చేయించండి. మీరే కెమిస్ట్‌లా నటించి 'క్లిప్పు లేకపోయినా పర్లేదు, కానీ త్వరగా' అనండి. వాళ్ళు ఏమంటారో చూడండి. మొదట అందరూ సరే సార్ అంటారు. రెండోరోజు ఒకడు 'నహీ సర్, పహలే క్లిప్' అంటాడు. అప్పుడు టీ మీరు తాగించాలి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

అదే రోజు: ఒక్కొక్కరినీ విడిగా పిలిచి డ్రమ్ము తెరవమనండి. మీరు నోరు విప్పొద్దు. ఎర్తింగ్, బిరడా, గ్లౌజు విప్పడం, మాస్క్ చూసుకోవడం, ఐ వాష్ దాకా వెళ్ళడం, ఈ ఐదూ తప్పుల్లేకుండా చేస్తేనే పాస్. రాతపరీక్ష వద్దు, 'అవును/కాదు' ప్రశ్నలు అసలే వద్దు, 'అర్థమైందా' అంటే ఎవరైనా అయిందనే అంటారు.

వారం తర్వాత: చెప్పకుండా నైట్ షిఫ్ట్‌లో వెళ్ళండి, రెండున్నర మూడు గంటల మధ్య. పనిచేస్తున్న చోటే 'ఇందులో ఏముంది, కంట్లో పడితే ఎక్కడికెళ్తావ్' అని అడగండి.

నెల తర్వాత: స్టోర్స్ రిజిస్టర్‌లో గ్లౌజులు, కార్ట్‌రిడ్జ్‌ల ఇష్యూ చూడండి. ట్రైనింగ్ ముందుకంటే పెరగలేదంటే ఎవరూ వాడట్లేదు, మీకెంత తలూపినా సరే. 'కొద్దిలో తప్పింది' రిపోర్టులు పెరిగితే కంగారుపడకండి, అది మంచిదే, ఇన్నాళ్ళూ దాచినవి బయటికొస్తున్నాయి. వాటికి మెమోలు ఇచ్చారంటే మళ్ళీ దాస్తారు.

మళ్ళీ మళ్ళీ జరిగే తప్పులు

కాంట్రాక్టర్ మారినప్పుడు పాత ట్రైనింగ్ రికార్డునే కొత్త పేర్లతో నడిపించేయడం. కొత్త మెటీరియల్ వచ్చినప్పుడు కార్డు రాయకుండానే ఛార్జింగ్ మొదలుపెట్టడం. క్యాజువల్‌గా రెండు రోజులకి వచ్చిన లోడింగ్ కూలీలని, స్క్రాప్ వాళ్ళని, పెయింటర్లని లెక్కలోకి తీసుకోకపోవడం. వాళ్ళకి మూడు రోజులు కుదరదు, కానీ ఏది ముట్టుకోకూడదు, సైరన్ మోగితే ఎటు పోవాలి అన్నది పదిహేను నిమిషాల్లో గేటు దగ్గరే చెప్పొచ్చు. ఇక ప్రమాదాల ఫోటోలు, కాలిన చేతుల వీడియోలు చూపించి భయపెట్టడం, దాంతో రెండు రోజులు టెన్షన్ పడతారు, మూడో రోజు మామూలే. నేనూ చూపించేవాడిని, మానేశాను.

రిజిస్టర్‌లో సంతకం కాలమ్ ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఇంకో మూడు గీయండి: ఏ పని చేసి చూపించాడు, ఏ భాషలో చెప్పాం, మళ్ళీ ఎప్పుడు. ఆరు నెలలకోసారి సరిపోతుంది, కార్డు మారితే వెంటనే.

ఆడిట్‌లో పీపీటీ అడిగితే ఏం చేయాలని కదా మీ అసలు బెంగ. కార్డులు, ఈ రిజిస్టర్ ముందు పెట్టండి. మా దగ్గరికి వచ్చిన ఆడిటర్ కాసేపు తిరగేసి, దారిలో పోతున్న ఒక హెల్పర్‌ని ఆపి "ఐ వాష్ ఎక్కడుంది?" అని అడిగాడు. ఆ కుర్రాడికి తెలుగు సగమే అర్థమైంది. నోటితో ఏమీ చెప్పలేదు, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, నిండుగా తిప్పి చూపించాడు. ఆడిటర్ గారి బూట్లు తడిశాయి.